బోర్లించిన గ్లాసులు: ఖోబర్ నుంచి నజ్రాన్ దాకా

1991 జనవరి 20వ తేదీ, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు అల్ ఖోబర్‌లో మా అబ్బాయి ఇంటికి తాళం వేశాం. యుద్ధం మొదలై అది నాలుగో రోజు. సైరన్ మోగినప్పుడల్లా నా పుస్తకంలో ఒక గీత పెట్టుకున్నాను. తాళం వేసేనాటికి ఏడు గీతలయ్యాయి. డ్రైవరు కాక బండెక్కినవాళ్ళం నలుగురం: నేను, మా అబ్బాయి ప్రసాదు, కోడలు వసంత, మనవరాలు శ్రావణి. శ్రావణికి తొమ్మిదేళ్ళు. నాకు అరవై నాలుగు.

నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. జ్వరం చార్టులో ఒక్క గీత పక్కకి జరిగినా ఊరుకునేదాన్ని కాదు. ఆ బుద్ధి ఇంకా పోలేదు. అందుచేత నేను వేసే తేదీలు, గంటలు, దూరాలు నమ్మవచ్చు. మూడు నెలల వీసా మీద జూలైలో వెళ్ళాను. ఆగస్టులో పక్క దేశం మీద దాడి జరిగాక విమానాలు దొరక్క, వీసా పొడిగించుకుంటూ ఉండిపోయాను. ఇంతవరకు అందరికీ చెప్పిందే. మిగతాది నాలుగేళ్ళ తర్వాత ఇప్పుడు రాస్తున్నాను.

రెండు పేజీల కథ

బయలుదేరేముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే దారిలో జరిగినవి అర్థం కావు.

మేం మాలలం. తాతల నాటి నుంచి చర్చికి వెళ్ళేవాళ్ళం. ప్రసాదు 1982లో ఇంజనీరుగా ఖోబర్ వెళ్ళాడు. అప్పట్లో వాడికి కడుపులో పుండు. మాంసం, కారం మానేసి పెరుగన్నం తినేవాడు. గదిలో ఉన్న తెలుగు బ్రాహ్మడు అది చూసి, 'మనవాడే' అని అందరికీ చెప్పాడు. ప్రసాదు అవుననలేదు, కాదనలేదు. అంతే జరిగింది. ఆ తర్వాత వాళ్ళ ఇళ్ళకు భోజనానికి పిలిచారు, ఉద్యోగం మారేటప్పుడు సాయం చేశారు. పుండు మానింది గాని పెరుగన్నం మానలేదు.

ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి కార్డు ఇఖామా, దాని మీద మతం గురించి రాసేది రెండే మాటలు. ముస్లిం, లేదా ముస్లిం కాని మనిషి. చెక్‌పోస్టు దగ్గర పోలీసు అంతకు మించి అడగడు. ఇంటిపేరేమిటి, మీది ఏ ఊరు, ఆ ఊళ్ళో ఎవరి తాలూకు అని అడిగేది తెలుగువాళ్ళే. ఆ ప్రశ్నల కోసం ప్రసాదు రెండు పేజీల కథ ఒకటి రాసిపెట్టాడు. అందులో మాకు భారద్వాజ గోత్రం, కాలిపోయిన పెంకుటిల్లు, పంచాంగం చెప్పిన ముత్తాత. భార్య 1985లో వచ్చినప్పుడు ఆమెకు నేర్పాడు. శ్రావణికి నేర్పనక్కరలేకపోయింది. దానికి అదే నిజం.

నేను దిగిన మూడో రోజున ఆ కాగితాలు నా చేతికి ఇచ్చాడు. చదివాను. ఆ లెక్క ప్రకారం మా మామగారు పదకొండో ఏట మా ఆయన్ని కన్నట్టు తేలింది. ఎర్ర పెన్సిలు తీసుకుని మామగారి పుట్టిన సంవత్సరం దిద్ది ఇచ్చాను. కోపంతో కాదు, తప్పు కళ్ళబడింది కాబట్టి దిద్దాను. ఆ దిద్దుబాటుతో నేనూ అందులో చేరిపోయానని తర్వాత తెలిసింది.

నాకు పెద్దగా మార్చుకోవలసింది కూడా లేదు. నేను ఏనాడూ బొట్టు పెట్టుకోలేదు. మా ఆయన 1979లో పోయారు కనుక, చూసినవాళ్ళు నా బోసి నుదురును వైధవ్యం అనుకునేవారు. చచ్చిపోయి కూడా ఆయన మా అబద్ధానికి అక్కరకొచ్చారు.

మారిపోయింది వసంత. పెళ్ళినాడు పందిట్లో పగలబడి నవ్విన పిల్ల. ఆరేళ్ళలో ఆమె నీచువాసన ఉందేమోనని చేతులు వాసన చూసుకోవడం నేర్చుకుంది. ఎవరో వస్తున్నారంటే అలమరలు తెరిచి మూసేది. నిద్రలో మాట్లాడే అలవాటు ఆమెకు చిన్నప్పటినుంచీ ఉంది. నిద్రలో వచ్చేది పుట్టింటి మాట, పుట్టింటి ప్రార్థన. అందుకని పరాయి ఇంట్లో పడుకోవలసి వస్తే కళ్ళు మూసేది కాదు. ఇప్పుడు యుద్ధం వచ్చి పరాయి ఇంటికే తీసుకుపోతోంది.

నజ్రాన్‌లో ఉన్న విశ్వనాథం గారు ఫోను చేశారు. ఖోబర్‌లో ఉన్నప్పుడు ప్రసాదుకు ఉద్యోగం చెప్పిన మనిషి. యెమెన్ సరిహద్దు దగ్గర ఊరు, అంత దూరం క్షిపణులు రావు, వచ్చేయమన్నారు. "మనవాళ్ళు మన ఇంటికి రాక ఎక్కడికెళ్తారయ్యా?" అన్నారట. ఫోను పెట్టేసి ప్రసాదు ఆ మాట చెప్పగానే వసంత కుర్చీలో కూర్చుండిపోయింది.

ఖర్జ్: కోడికూర

మా డ్రైవరు మస్తాన్ కడప మనిషి. నలభై ఏళ్ళుంటాయి. నన్ను చూసిన మొదటి నిమిషం నుంచీ అవ్వా అన్నాడు. పెద్ద అమెరికా బండి, పెట్రోలు మన దగ్గర సోడా కంటే చవక. కిటికీలకు అంటించే టేపు మాత్రం వారంలో మూడు రియాళ్ళ నుంచి ఎనిమిదికి పోయింది. రియాలంటే అప్పుడు సుమారు అయిదు రూపాయలు. దారి పొడవునా ఎదురుగా సైనికుల లారీలు. శ్రావణి రెండు వందల పన్నెండు దాకా లెక్కపెట్టి నిద్రపోయింది. లెక్కపెట్టే గుణం నా దగ్గర నుంచే వచ్చింది.

మొదటి రోజు 484 కిలోమీటర్లు వచ్చి ఖర్జ్‌లో ఆగాం. మస్తాన్ చుట్టం ఒకాయన అక్కడ దర్జీ. తన గది మాకు ఖాళీ చేసి ఇచ్చి, సాయంత్రానికి కోడికూర వండి, రియాలుకు నాలుగు వచ్చే రొట్టెలు ఎనిమిది తెచ్చి పెట్టాడు. ధనియాలు వేయించి నూరిన కూర. ఆ వాసన మా ఊళ్ళో పండగనాటి వాసన. శ్రావణి దగ్గరికి పోయి నిలబడింది. వసంత దాన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి, మాకు పనికిరాదని, మేం తెచ్చుకున్నది తింటామని చెప్పింది.

అంతటితో ఆగినా బాగుండేది. మా పులిహోర డబ్బా పక్కన మస్తాన్ కూర్చోబోతే వసంత డబ్బాను ఇవతలికి జరిపింది. నిజమైన వాళ్ళయితే అలా జరుపుతారని ఆమె లెక్క. కథలో లేని వాక్యం, తనే కలుపుకుంది. మస్తాన్ అది చూశాడు. తన రొట్టె తీసుకుని గుమ్మం అవతల కూర్చుని తిన్నాడు. నేను కూడా చూశాను. డబ్బా తిరిగి మధ్యకు జరపవలసింది నేను. జరపలేదు.

సులయ్యిల్: ఒకే కప్పు

రెండో రోజు 392 కిలోమీటర్లు. కంటికి ఇసుక తప్ప ఏమీ లేదు. సులయ్యిల్‌కు ముందు టైరు పగిలింది. మార్చుకుంటుంటే మేకలు తోలుకుంటూ ఎడారిలో గుడారాలేసుకుని తిరిగే బెదూ ముసలాయన ఒకడు వచ్చాడు. అడక్కుండానే మమ్మల్ని తన గుడారానికి తీసుకుపోయాడు. ఆడవాళ్ళను తెర అవతల కూర్చోబెట్టారు. ఆయన భార్యకు నా వయసే ఉంటుంది. గడ్డం మీద పచ్చబొట్టు. ఖర్జూరాలు పెట్టి, ఏలకులు వేసిన కాఫీ పోసింది. పాలు లేవు, చక్కెర లేదు. చెవి లేని చిన్న పింగాణీ కప్పు, అదీ ఒకటే. నేను తాగాక అదే కప్పులో వసంతకు పోసింది, తర్వాత తను తాగింది. మధ్యలో కడగలేదు. చాలు అనాలంటే కప్పును కొంచెం ఊపి ఇవ్వాలట. తెలియక నేను ఊపలేదు, అయిదు కప్పులు తాగాను. ఆవిడ నవ్వింది, పై పన్ను ఒకటి బంగారం.

మన ఊళ్ళో అయితే ఈ కప్పు మీద పంచాయతీ జరుగుతుందని బండెక్కాక నేను అన్నాను. మస్తాన్ నవ్వలేదు. కప్పు ఒకటేనని, తన పాస్‌పోర్టు మాత్రం పదకొండేళ్ళుగా కఫీల్ బీరువాలో ఉందని చెప్పాడు. కఫీల్ అంటే అక్కడ పనికి పెట్టుకున్న యజమాని. ఆయన సంతకం లేనిదే ఊరు దాటకూడదు. ఆ గుడారంలోనే శ్రావణి గ్యాస్ మాస్కు మరిచిపోయింది. కంపెనీ మూడే ఇచ్చింది, నలుగురికి. నలభై కిలోమీటర్లు పోయాక గుర్తొచ్చింది. వెనక్కి పోలేదు.

నజ్రాన్: అలమరలో దేవుళ్ళు

22వ తేదీ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నజ్రాన్ చేరాం. ఆ రోజు 411 కిలోమీటర్లు, మొత్తం 1,287. ఖోబర్ లాంటి ఊరు కాదు. అంతస్తుల మట్టి ఇళ్ళు, అంచులకు తెల్ల సున్నం. ఖర్జూర తోటల మధ్య నారింజ చెట్లు. బజారులో ఆడవాళ్ళు నేల మీద కూర్చుని బుట్టలు అమ్ముతున్నారు. ఒకామె చిన్న బుట్టకు పన్నెండు రియాళ్ళు చెప్పి తొమ్మిదికి ఇచ్చింది. ఆ దేశంలో ఆడమనిషితో బేరమాడింది అక్కడే.

విశ్వనాథం గారు ఇంజనీరు, ఆయన భార్య శారద గారు ఆసుపత్రిలో డాక్టరు. పగలంతా ఇంట్లో ఉండేది ఆయన తల్లి కామేశ్వరమ్మ గారు, మనవరాలు లలిత. కామేశ్వరమ్మ గారికి డెబ్బై ఒకటి. వంటిల్లు పూర్తిగా ఆవిడ చేతిలో ఉండేది. దేవుళ్ళు కూడా ఆవిడ చేతిలోనే. అక్కడ పూజ బయటకు కనబడకూడదు కనుక పటాలన్నీ వంటింటి అలమరలో పెట్టుకున్నారు. తలుపు గంట మోగితే ముందు అలమర మూసి, తర్వాత తలుపు తీసేవారు. దేవుళ్ళు కూడా మాలాగే బతుకుతున్నారని అనిపించింది. ఆ మాట వసంతతో అంటే ఆమె నా నోరు మూసింది.

మాకొక గది ఇచ్చారు. ఆ ఇంట్లో మేమున్న పద్నాలుగు రాత్రుల్లో వసంత మొత్తం ముప్పై ఒక్క గంటలు నిద్రపోయింది. నేను రాసుకున్నాను. నర్సుగా చేసిన రోజుల్లో ఇలాంటి చార్టు చూస్తే వెంటనే డాక్టరును పిలిచేదాన్ని. గోడకు వీపు ఆనించి, అరచేతిని గోటితో గిచ్చుకుంటూ కూర్చునేది. పడుకోమంటే, "మీరు పడుకోండి అత్తయ్యగారూ" అనేది. గదిలో మేమే ఉన్నప్పుడు కూడా 'గారు' తీసేది కాదు. మా ఇళ్ళలో అత్తమ్మా అంటారు.

జనవరి 24, గురువారం

ఆ మధ్యాహ్నం రేడియోలో క్షిపణుల వార్తల్లో ధహ్రాన్ పేరు చెప్పారు. ఖోబర్ దాని పక్కనే. ప్రసాదు ముఖం పాలిపోయింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వెనక పెరట్లో మెట్టు మీద కూర్చున్నాను. మా ఇల్లు ఉందో లేదో అని ఆలోచిస్తూ కాఫీ తాగాను. తాగి లేచాను. పెరటి కుళాయి దగ్గర గ్లాసు కడిగాను. తెచ్చి, కిటికీ బయట గట్టు మీద బోర్లించాను.

ఇది చదివేవారిలో కొందరికి ఇందులో ఏముందో తెలియదు. చెబుతాను. మా ఊళ్ళో కరణం గారింటి వెనక గోడలో ఒక గూడు ఉండేది. అందులో మా గ్లాసు. పనికెళ్ళినవాళ్ళకు మజ్జిగ ఎత్తి అందులో పోసేవారు. తాగి, మనమే కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించాలి. బోర్లించి ఉంటే కడిగినట్టు. మా అమ్మ చేసేది, పక్కన నేనూ చేసేదాన్ని. 1944లో నర్సు చదువుకు గుంటూరు వెళ్ళినప్పుడు అది మానేశాను. ఆ తర్వాత నా చేతి మందు తాగని కులం లేదు. నలభై ఆరేళ్ళ తర్వాత, సముద్రం అవతల, భయం వేసిన రోజున నా చేతులు ఆ పని వాటంతటవే చేశాయి.

ఇంటికి చుట్టంగా వచ్చిన ఏ బ్రాహ్మణ వితంతువూ గ్లాసు కడిగి బయటి గట్టు మీద బోర్లించదు. తల తిప్పేసరికి వంటింటి కిటికీలో కామేశ్వరమ్మ గారు ఉన్నారు. ఆవిడ నన్ను చూడటం లేదు. గ్లాసునే చూస్తున్నారు.

మర్నాడు శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు మిగతావాళ్ళు బజారుకు వెళ్ళారు. ఆవిడ పెరట్లోకి వచ్చి నాకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు.

"మా చిన్నప్పుడు మా పాలేరు నాగన్న పెళ్ళాం ఇలాగే బోర్లించేది, సుగుణమ్మా," అన్నారు.

అంతకు ముందు రోజు దాకా నేను సుగుణమ్మ గారిని.

"యుద్ధంలో ఎక్కడికి పోతారు. ఉండండి. మా అబ్బాయికి చెప్పను. నువ్వూ నీ కోడలూ వంటింట్లోకి మాత్రం రావద్దు. పిల్లని అలమర దగ్గరికి పోనివ్వకు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఎండలో ఉన్న మనిషిని నీడకు జరగమన్నట్టే చెప్పారు. నేను తల ఊపాను. ముప్పై నాలుగేళ్ళు వార్డులో అందరికీ ఆజ్ఞలిచ్చిన దాన్ని, తల ఊపాను.

కొత్త గ్లాసులు

ఆ సాయంత్రమే కొత్త స్టీలు గ్లాసులు నాలుగు మా కోసం బయటకు తీశారు. కాఫీ, మంచినీళ్ళు, పిల్లకు పాలు, అన్నీ వాటిలోనే. అవి కిటికీ గట్టు మీదే ఉండేవి. భోజనం కూడా హాల్లో చాప వేసి పెట్టేవారు, మడి ఆచారం అని చెప్పి.

"చూశారా అత్తయ్యగారూ, మనకోసం కొత్తవి తీశారు. ఎంత మర్యాదో," అంది వసంత. పొంగిపోయింది. నెలల తర్వాత ఆమె మొహంలో కాస్త వెలుగు చూశాను.

అప్పుడే చెప్పి ఉండవలసింది. తెలిసిపోయిందమ్మా, ఇంక దాచడానికేమీ లేదు, పడుకో అని. రెండు మాటలు చాలు. చెప్పలేదు. చెబితే కుప్పకూలుతుందని భయపడ్డానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆరేళ్ళపాటు ఆమె ఒక్క తప్పు చేయలేదు. అందరి తప్పులూ దిద్దే నేను, వచ్చిన మూడో రోజున గ్లాసు కడిగి అంతా బయటపెట్టాను. ఆ మాట నా నోటితో చెప్పుకోలేకపోయాను.

పది రోజులు అలా నడిచింది. పగలు కామేశ్వరమ్మ గారు నలుగురిలో నన్ను గారు అనేవారు, ఒంటరిగా ఉంటే నువ్వు అనేవారు. పప్పు మాత్రం కొసరి పెట్టేవారు. జ్వరమొస్తే శ్రావణికి మిరియాల కషాయం కాచి ఇచ్చారు, గ్లాసులో పైనుంచి ఎత్తి పోసి. మా గ్లాసులు ఎవరూ చూడకుండా నేనే కడిగి బోర్లించేదాన్ని. రాత్రుళ్ళు వసంత మేలుకుని ఉండేది, ఆమె మేలుకుని ఉందని రాసుకోవడానికి నేను మేలుకునేదాన్ని.

ఫిబ్రవరి 4, సోమవారం

సాయంత్రం నాలుగున్నరకు పిల్లలిద్దరూ పెరట్లో పాలు తాగుతున్నారు. లలిత తన గ్లాసు మెట్టు మీద వదిలేసి లేచింది. శ్రావణి కుళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు కడిగింది. తెచ్చి నా గ్లాసు పక్కనే గట్టు మీద బోర్లించింది. బోర్లించి, సరిగా ఉందా అని కొంచెం జరిపింది.

"నువ్వెందుకు కడగడం?" అని అడిగింది లలిత.

"బామ్మ కడుగుతుందిగా. మావి వేరు కదా," అంది శ్రావణి. బాధగా కాదు. బడిలో నేర్పిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. కరణం గారి గోడ అది చూడలేదు. ఆ రెండు పేజీల్లో ఆ పని లేదు. పది రోజులు నన్ను చూసి నేర్చుకుంది.

గుమ్మంలో వసంత ఉంది. గట్టు మీద వరుసగా బోర్లించిన గ్లాసులు చూసింది. ఆమె ఊళ్ళో కూడా ఇలాంటి గూడు ఉండేదేమో, నేనెప్పుడూ అడగలేదు. వచ్చి పిల్ల చెంప మీద కొట్టింది. ఆ చప్పుడుకు కామేశ్వరమ్మ గారు కిటికీలోకి వచ్చారు.

"మేం మాలోళ్ళమండీ," అంది వసంత. ఆరేళ్ళ తర్వాత వినబడ్డ ఆమె సొంత గొంతు. "గోత్రం లేదు, ఏం లేదు. చర్చికి పోయేవోళ్ళం. ఇయ్యాళ మీ పిల్ల ముందరే చెబుతున్నా."

"తెలుసమ్మా. పదకొండు రోజులుగా తెలుసు," అన్నారు కామేశ్వరమ్మ గారు. "మీ అత్తగారితో చెప్పానుగా."

వసంత నా వైపు తిరిగింది. ఏడవలేదు.

"అయితే నేను మేలుకుంది ఎవరి కోసం అత్తమ్మా?"

శ్రావణి చెంప పట్టుకుని మమ్మల్ని మార్చి మార్చి చూస్తూ, భారద్వాజ గోత్రం కాదా మనది అని అడిగింది. లలితను వాళ్ళ నాయనమ్మ లోపలికి పిలిచింది.

విశ్వనాథం గారు పెద్దమనిషి. ఆ సాయంత్రం సంగతి తెలిశాక కూడా యుద్ధం అయ్యేదాకా ఉండమన్నారు. ఆ మాట అంటున్నంతసేపూ ప్రసాదు ముఖం చూడలేదు, సోఫా చెయ్యి మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నారు. ప్రసాదు కూడా నేల చూశాడు. వాడు ఆ రోజంతా వసంతతో ఒక్క మాట మాట్లాడలేదు. అది నేను క్షమించలేదు.

తిరుగుదారి

5వ తేదీ మంగళవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, ఖోబర్‌లో ఇంకా సైరన్లు మోగుతుండగానే, ఖోబర్‌కు బయలుదేరాం. ఆ ఇంట్లో ఉండటం కంటే సైరన్ నయమనిపించింది. కామేశ్వరమ్మ గారు పెరుగన్నం కట్టి ఇచ్చారు. పైన ఆ నాలుగు గ్లాసులు పెట్టారు. "ఇవి మీరే తీసుకెళ్ళండి," అన్నారు. ఇంక అవి ఆ ఇంట్లో పనికిరావు.

మస్తాన్ ఆ రెండు వారాలూ నజ్రాన్‌లోనే బంధువుల దగ్గర ఉన్నాడు. ఊరు దాటాక వసంత వెనక సీట్లో పడి నిద్రపోయింది. నోరు తెరిచి, కాళ్ళు ముడుచుకుని, తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. నిద్రలో మాట్లాడింది. వాళ్ళ అమ్మను పిలిచింది, ఎవరినో తిట్టింది, ప్రార్థన చేసింది. ఎవరూ ఆపలేదు. ముందు సీట్లో ప్రసాదు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

ఖర్జ్‌లో దర్జీ మళ్ళీ కోడికూర పెట్టాడు. ఈసారి మేం తింటామని చెప్పి, ఎందుకు తినలేదో కూడా మస్తాన్‌కు చెప్పాను. అతను రొట్టె తుంపుతూ విన్నాడు.

"తురకోడినని డబ్బా పక్కకు పెట్టినారనుకుంటి అవ్వా. రెండు దినాలు మీ సామాన్లకు తగలకుండా జరిగి కూసుంటి. ఇబ్బుడు ఇట్ల జెప్తాండారు," అన్నాడు. రొట్టె పక్కన పెట్టి, "ఆ బాధ ఎట్లుంటాదో మీకు తెలుసు గదా. తెలిసి గూడా చేసినారే," అన్నాడు.

అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను. కూర బాగుంది. నాకు దిగలేదు.

పోయినవి

7వ తేదీ గురువారం ఖోబర్ చేరాం. ఇల్లు ఉంది. ఒక్క కిటికీ అద్దం కూడా పగల్లేదు. ఆ నెలాఖరుకు యుద్ధం ముగిసింది. ఏప్రిల్‌లో వసంతను, శ్రావణిని తీసుకుని నేను ఇండియా వచ్చేశాను. వసంత ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. గుంటూరులో డాక్టరుకు చూపిస్తున్నాం. మాత్ర వేస్తే నాలుగు గంటలు పడుకుంటుంది. నాతో అవసరమైనంత వరకు మాట్లాడుతుంది.

ప్రసాదు 1992లో ఆ దేశంలోనే జిజాన్ అనే ఊళ్ళో పనికి చేరాడు. నిరుడు అక్కడినుంచి వాడిచ్చిన దుప్పటి పట్టుకుని ఒక తెలుగాయన మా ఇంటికి వచ్చాడు. తలుపు తీసి నేను ప్రసాదు తల్లినని చెబితే బిత్తరపోయాడు. నేను చనిపోయానని వాడు అక్కడ అందరికీ చెప్పాడట. ఎప్పుడు పోయానన్నాడని అడిగాను. తేదీ చెప్పలేదట. కథ ఇంకా నడుస్తోంది, దిద్దే మనిషి లేదు.

ప్రయాణం రానూపోనూ 2,574 కిలోమీటర్లు. అందులో పోయినవి ఇవి. గ్యాస్ మాస్కు ఒకటి, సులయ్యిల్ దగ్గర. శ్రావణి స్నేహితురాలు ఒకతె, లలిత. శ్రావణి మూడు ఉత్తరాలు రాసింది, జవాబు రాలేదు. గోత్రం ఒకటి, అది మాది కాదు, అయినా తొమ్మిదేళ్ళ పిల్లకు అది పోయింది. మస్తాన్ దగ్గర మా మర్యాద. ప్రసాదు. జిజాన్ లెక్కలో నేను. గ్లాసులు నాలుగు అదనంగా వచ్చాయి, వాటిని ఇందులో కలపను.

వసంత నిద్ర, పదకొండు రాత్రులు. మొదటి రాత్రి, కామేశ్వరమ్మ గారికి తెలిసిపోయిందని నాకూ తెలియదు. తక్కిన పదీ నా వల్ల పోయినవి.